నిండిపోయిన కోల్డ్ స్టోరేజీ

కోల్డ్ స్టోరేజీ నిండిపోయిందని మమ్మల్ని ఇంటికి పంపేశారు.

అమెరికాలో బ్యాంకులు మునిగిపోతున్నాయని పేపర్లు రోజూ రాస్తున్న ఏడాది అది. వానలు వెనకపట్టాయి, చలి ఇంకా మొదలు కాలేదు. మేం పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీ మా ఊరికి అరగంట దూరంలో, నరసాపురం నుంచి భీమవరం వెళ్ళే దారిలో ఉండేది. పొద్దున ఆరింటికి వ్యాను వచ్చి మా వీధి చివర ఆగేది. ఆ రోజు కూడా మామూలుగానే వచ్చింది, అందరం ఎక్కాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాక మాత్రం వాచ్‌మన్ లోపలికి వెళ్ళనివ్వలేదు. కాసేపటికి మేనేజరు బయటికొచ్చాడు.

"సరుకు కదలడం లేదమ్మా. బయటి దేశాల వాళ్ళు ఆర్డర్లు ఆపేశారు. లోపల పెట్టడానికి చోటు లేదు. కబురు పెట్టేదాకా రాకండి" అన్నాడు.

మా అందరిలోకీ పెద్దది, చిన్నా పెద్దా అక్కా అని పిలిచే ఆవిడ గేటు ఊచలు పట్టుకుని అడిగింది.

"అంటే ఏంటండీ, మేం ఎక్కువ వొలిచేసినందుకు మా పని పోయిందాండీ?"

మేనేజరు నవ్వాడు. చెడ్డవాడు కాదు. ఏం చెప్పాలో తెలియక నవ్వాడనే ఇప్పటికీ అనుకుంటాను. వ్యాను వెళ్ళిపోయింది కాబట్టి మేం నడుచుకుంటూ వచ్చాం. దారి పొడుగునా రెండు వైపులా చెరువులు, వాటిలో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ చెరువుల్లో పెరుగుతున్న రొయ్యలు ఎక్కడికి పోవాలో ఆ పూట ఎవరికీ తెలియదు.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. డిగ్రీ రెండో ఏడాదిలో చదువాపేసి ఆ పనికి వెళ్ళాను. మొగల్తూరు వైపు మాకు ఒక ఎకరం వరి చేను ఉండేది. తొంభైల్లో, నేను స్కూల్లో ఉండగా, చుట్టుపక్కల చేలన్నీ చెరువులుగా తవ్వేశారు. రొయ్య వెయ్యండి, డాలర్లొస్తాయి అని జీపుల్లో వచ్చినవాళ్ళు చెప్పేవారు. మా నాన్న తవ్వనన్నారు. కానీ నాలుగు వైపులా ఉప్పునీళ్ళు నిలబెట్టాక మా చేలో వరి ఎర్రబడిపోయింది. చివరికి ఆయనా చేను లీజుకిచ్చారు. రెండేళ్ళు బాగానే ఉంది. మూడో ఏడు తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే రొయ్యలు చచ్చి తేలాయి. లీజుకు తీసుకున్నతను మళ్ళీ కనబడలేదు. తిరిగి వరి వేద్దామంటే నేల మీద ఉప్పు తెల్లగా తేరింది. ప్రభుత్వం ఏదో ఒకటి చేస్తుందని నాన్న పేపరు చూస్తూ చాలాకాలం కూర్చున్నారు. చేసింది కూడా. పెద్ద చెరువులవాళ్ళకి చేసింది. మా ఎకరం అందులోకి రాలేదు. అలా ఆ చేలో పోయిన బతుకును వెతుక్కుంటూ నేను రొయ్య తలలు తీసే బల్ల దగ్గరికి చేరాను.

ఆ బల్ల దగ్గర నాకు పని నేర్పింది అక్కే. తెల్ల గమ్‌బూట్లు, నెత్తికి వల టోపీ, ముందు ఐసు నీళ్ళు. రొయ్యను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి బొటనవేలు మెడ కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తల ఊడి రావాలి, కండ ఊడకూడదు. మొదటి వారం నా వేళ్ళు వాచి, అన్నం ముద్ద కలపడానికి కూడా రాలేదు. అక్క తన డబ్బాలోంచి కొబ్బరినూనె తీసి నా వేళ్ళకి రాసింది. "గ్లౌజులిస్తారు గానీ అవేసుకుంటే చెయ్యి కదలదే. నెలకల్లా మొద్దుబారతాయిలే, అప్పుడు నెప్పి తెలవదు" అంది. ఆవిడకి నలభై దాటాయి. పదేళ్ళుగా ఆ ఐసు నీళ్ళలోనే చేతులు. భర్త రిక్షా తొక్కేవాడు. ఆటోలొచ్చాక బేరాలు లేక ఇంటి దగ్గరే ఉండి వంట చేసేవాడు. మొగుడు వండిన కూర బావుందని నలుగురిలో చెప్పుకునే ఆడదాన్ని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

మాకొక యూనియన్ ఉండేది, చిన్నది. దాన్ని చూసుకునేది ఒక మాస్టారు. ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఎర్రజెండా మనిషే. ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి వసారాలో మాకు పాఠం చెప్పేవారు. ఆయన భార్య మాకందరికీ టీ ఇచ్చి, తనూ గోడకానుకుని వినేవారు. వచ్చేది పది పన్నెండు మందిమి. సగం మంది ఆ కాసేపు కూర్చోవడానికి చోటు దొరుకుతుందని వచ్చేవాళ్ళం. నిజం చెప్పాలంటే నేనూ అందుకే వెళ్ళేదాన్ని.

పని ఆగిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం వసారా నిండిపోయింది. గేటు దగ్గర అడిగిన ప్రశ్ననే అక్క మాస్టారిని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు.

"నువ్వడిగింది సరైన మాటేనమ్మా. పూర్వం కరువొస్తే పంట లేక జనం ఆకలితో ఉండేవాళ్ళు. ఇప్పుడు గోడౌన్లు నిండి, దానివల్ల ఆకలి. సరుకు తినేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. నువ్వు పదేళ్ళు వొలిచావు, ఎప్పుడైనా ఆ పెద్ద రొయ్య ఇంటికి తీసుకెళ్ళి వండుకున్నావా?"

"చాల్లెండి. గేటు దగ్గర చేతి సంచులు కూడా చూస్తారు."

"అదే చెప్తున్నాను. తయారు చేసేవాళ్ళకి కొనే శక్తి ఉండనివ్వరు. ఉండనిస్తే లాభం తగ్గుతుంది. కొనేవాళ్ళు లేకపోతే సరుకు మిగిలిపోతుంది. అప్పుడు పని ఆపేస్తారు. పని ఆపితే కొనేవాళ్ళు ఇంకా తగ్గుతారు. అక్కడ అమెరికాలో కట్టి, కొనేవాళ్ళు లేక మిగిలిన ఇళ్ళ సంగతీ అంతే, ఇక్కడ మన రొయ్య సంగతీ అంతే."

"మరి గవర్నమెంటు ఏం చెయ్యదాండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"చేస్తుంది. చెయ్యకుండా ఉండదు. కానీ ఏం చేస్తుందో చూడండి. చేలో నీళ్ళు నిండినప్పుడు గట్టుకి గండి కొడతాం. మన చేను తేలుతుంది. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? కింద చేలోకి పోతాయి. ప్రభుత్వాలు చేసేది అదే. పైవాళ్ళ చేలో నీళ్ళు కిందివాళ్ళ మీదకి తోస్తాయి. ఇవాళ్టి ముంపును రేపటికి తోస్తాయి. నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు."

అక్క, "కింద చేలోకి పోయినా, ఆ పూటకి నా ఇల్లు మునగదు కదండీ మాస్టారూ" అంది.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. "అందుకే అడగాలమ్మా. గండి ఎక్కడ కొట్టాలో మనమే చెప్పాలి. అడక్కపోతే ఎప్పుడూ మన వైపే కొడతారు" అన్నారు.

అర్జీ ఆయనే రాశారు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. పని లేని రోజులకి సగం కూలి ఇప్పించాలని, ఇంటికి బియ్యం ఇవ్వాలని, ఫ్యాక్టరీ తెరిస్తే పాతవాళ్ళనందరినీ తీసుకోవాలని అందులో ఉంది. ఒక సోమవారం ఏలూరు కలెక్టరాఫీసుకి పద్నాలుగు మందిమి వెళ్ళాం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. మా అర్జీ తీసుకున్న ఆఫీసరు నెమ్మదస్తుడు. చదివి, "ఎగుమతిదారులు కూడా వచ్చి కలిశారమ్మా. మీ ఫ్యాక్టరీ నిలబడితే మీరూ నిలబడతారు. పైనించి ఏదో వస్తుంది, చూద్దాం" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నేను మాస్టారి పక్క సీట్లో కూర్చున్నాను.

"మాస్టారూ, ప్రభుత్వం వల్ల కాదంటారు. మళ్ళీ దానికే అర్జీ రాస్తారు. ఎలాగండీ?" అని అడిగాను.

"వల్ల కాకపోవడమేంటంటే, దానికి మందు తెలీక కాదమ్మా. ఈ జబ్బు కుదరాలంటే లాభం మీద చెయ్యి వెయ్యాలి. ఆ లాభాన్ని కాపాడ్డానికే ప్రభుత్వం ఉంది. తన కాళ్ళు తనే నరుక్కోదు కదా. అలాగని మనం ఊరుకుంటే, ఈలోగా చచ్చిపోయేది మనం." టిక్కెట్టు జేబులో పెట్టుకుని, "అర్జీతో బియ్యం రావచ్చు. సంక్షోభం పోదు. రెండూ నిజమే" అన్నారు.

ఆ రోజు నాకది గొప్ప జవాబులా అనిపించలేదు. నాకు బియ్యమే కావాలి. ఇంట్లో నాన్నకి మందులు, తమ్ముడి చదువు, అన్నీ నా చేతుల మీదుగానే నడుస్తున్నాయి.

బియ్యం రాలేదు. రెండు నెలల తర్వాత పేపర్లో మొదటి పేజీలో ఒక వార్త వచ్చింది. ఎగుమతిదారులకి పాత అప్పులు కట్టడానికి గడువు, కొత్త అప్పుల మీద వడ్డీలో రాయితీ, పన్నుల్లో సడలింపు. దాన్ని ప్యాకేజీ అన్నారు. మా వీధిలో ఆడవాళ్ళు ఆ పేపరు నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. మా గురించి ఒక్క ముక్క లేకపోయినా అందరికీ సంతోషమే. ఫ్యాక్టరీ తెరుస్తారు, అది చాలు. అక్క ఇంటికి పరిగెత్తి, భర్తని పిలిచి చెప్పింది. నేను పేపరు పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వార్తంతా చదివి, మడిచి నా చేతికిచ్చారు. "మంచిదేనమ్మా. తెరవనీ" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

తెరిచారు. కానీ కబురు ఫ్యాక్టరీ నుంచి రాలేదు. ఒక కాంట్రాక్టరు మనిషి మోటార్‌సైకిల్ మీద వచ్చి, కాగితం చూసి పేర్లు చదివాడు. పాతవాళ్ళలో సగం మంది కూడా లేరు. పెళ్ళికాని పిల్లలు, ముప్పై లోపువాళ్ళు, చేతులు బాగున్నవాళ్ళు. మేం సంతకాలు పెట్టాల్సిన ఫారంలో, మేం ఇకమీదట కంపెనీ మనుషులం కామని, కాంట్రాక్టరు మనుషులమని ఉంది. పాత సర్వీసు లేదు. గంటలు పెరిగాయి, కూలి తగ్గింది. అక్క పేరు లేదు. నా పేరు ఉంది.

ఆ సాయంత్రమే మాస్టారు అందరినీ పిలిచారు. "ఎవరూ సంతకం పెట్టొద్దు. తీసుకుంటే అందర్నీ తీసుకోవాలి. వారం రోజులు నిలబడితే వాళ్ళే దిగొస్తారు. చెరువుల్లో సరుకు పట్టుబడికొచ్చింది, ఆగదు" అన్నారు. అందరం చేతులెత్తాం. నేనూ ఎత్తాను.

రెండు రోజులు వ్యాను ఖాళీగా వెళ్ళింది. మూడో రోజు పొద్దున మా వీధి చివరికి వచ్చినప్పుడు అందులో పక్క ఊరి పిల్లలు నలుగురు కూర్చుని ఉన్నారు. కాంట్రాక్టరు మనిషి నన్ను చూసి, "నువ్వు రాకపోతే నీ చోటు వీళ్ళ చెల్లెలికిస్తాం. ఇంక అడగం" అన్నాడు. రాత్రి మా ఇంట్లో తమ్ముడు తినీ తినకుండా లేచిన కంచం నా కళ్ళలో ఉంది. అక్క కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ బిందె కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఎక్కవే" అంది.

"మాస్టారికి మాటిచ్చాం కదక్కా."

"నేను చెప్తాలే ఆయనకి. ఎక్కు. బండాగి ఉంది."

నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. గట్టిగా కూడా తొయ్యలేదు. నేను ఆగాలనుకుంటే ఆగగలిగేదాన్నే. ఎక్కేశాను. వ్యానులోనే సంతకం పెట్టించుకున్నారు. ఆ కుదుపుల్లో నా సంతకం నాదిలా లేదు. మర్నాటికి మరో ఆరుగురు ఎక్కారు. వారం తిరక్కుండా యూనియన్ అన్న మాట మా నోటెంట రాకుండా పోయింది.

అక్క కొన్నాళ్ళు వంద రోజుల ఉపాధి పనికి వెళ్ళింది. కాలవల్లో పూడిక తీసే పని. అది ప్రభుత్వం పెట్టిన పథకమే. ఈ ఒక్కటి నేరుగా చేతికందిందని మాస్టారే మెచ్చుకునేవారట. ఆ వంద రోజులూ అయిపోయాక మళ్ళీ ఏమీ లేదు. మిగతా ఫ్యాక్టరీలకి వెళ్తే ఆవిడ వేళ్ళు చూసి వద్దన్నారు. ఐసు నీళ్ళకి కుడిచేతి రెండు వేళ్ళు పూర్తిగా వంగేవి కావు. ఏ పనిలో పాడయ్యాయో ఆ పనికే పనికిరావన్నారు. చివరికి మరుసటి ఏడాది, కువైట్‌లో ఇంటి పనికి మనుషుల్ని పంపే ఒకతని ద్వారా పాస్‌పోర్టు తీయించుకుంది. కాగితాలన్నీ మాస్టారే చదివి, అందులో ఏముందో తెలుగులో చెప్పారు. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు.

ఆవిడ బయల్దేరే రోజు మధ్యాహ్నం నేను సెలవు అడిగి నరసాపురం స్టేషన్‌కి వెళ్ళాను. మాస్టారు అప్పటికే వచ్చి ఉన్నారు. అక్క భర్త పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుని, ఎవరి వైపూ చూడడం లేదు. అక్క కొత్త చీర కట్టుకుంది. ఆ చీరలో ఎవరో తెలియని మనిషిలా ఉంది.

మాస్టారి కళ్ళు తడయ్యాయి. అక్క గమనించింది.

"అదేంటి మాస్టారండీ, మీరు చెప్పిందే జరిగింది కదా. మీరు ముందే చెప్పారు కదా. మరి మీరెందుకు బాధపడతారండీ?"

ఎత్తిపొడుపు కాదు. ఆవిడ నిజంగానే అడిగింది. సరిగ్గా చెప్పిన మనిషికి కాస్తయినా తృప్తి ఉంటుందని ఆవిడ అనుకుంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు, అంతే. రైలు కదిలేటప్పుడు అక్క కిటికీలోంచి, "మా ఆయన బీపీ బిళ్ళలు మర్చిపోతాడే, అప్పుడప్పుడూ చూస్తా ఉండు" అని నాకు చెప్పింది. "ఆయ్, చూస్తానక్కా" అన్నాను. ఆవిడ ముందు నిలబడి నేను అనగలిగింది అదొక్కటే.

అక్క వెళ్ళిన ఏడాది చివర్లో మాస్టారికి గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. నేను బస్సులో వెళ్ళాను. ఆయన మంచం కిటికీ పక్కన. మనిషి సగమైపోయారు. భార్య చెంచాతో జావ పట్టిస్తున్నారు. నన్ను చూసి ఆవిడ, "నువ్వు కూర్చోమ్మా, నేను మందులు తెస్తాను" అని బయటికెళ్ళారు.

నేను అప్పటిదాకా ఆయనకి ముఖం చూపించలేదు. యూనియన్ పోయాక ఆదివారాలు ఆయన ఇంటి ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్ళేదాన్ని. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పేశాను.

"మొదట సంతకం పెట్టింది నేనేనండీ. నేను ఎక్కకపోతే మిగతావాళ్ళు ఎక్కేవాళ్ళు కాదేమో. అక్కకి ఈ గతి పట్టేది కాదేమో."

"నాకు తెలుసమ్మా. ఆ రోజే చెప్పింది మీ అక్క. 'నేనే తోశానండీ, దాన్నేం అనకండి' అంది." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "తప్పు నాది కూడా. సంక్షోభం ఎందుకొస్తుందో నలభై ఏళ్ళు చెప్పాను. వారం రోజులు నిలబడమన్నానే, మీ ఇళ్ళల్లో బియ్యం ఎన్ని రోజులకి ఉన్నాయో ఒక్కరినీ అడగలేదు. అది అడగాల్సింది. చందాలు పోగేసి, గంజి పొయ్యి ఒకటి పెట్టాల్సింది. అది పెట్టి ఉంటే నువ్వెక్కేదానివి కాదు."

"మీరు చెప్పింది తప్పు కాదు కదండీ."

"కాదు. అదేనమ్మా నా బాధ." కిటికీ వైపు తిరిగారు. "పేపరు తెచ్చి చూపించావు చూడు, ఆ రోజు నేను మాట్లాడలేదు. ఎందుకో తెలుసా? నేను తప్పని తేలితే బావుండునని లోపల అనుకున్నాను. ఆ ప్యాకేజీ నిజంగానే పని చేసి, మీరందరూ మళ్ళీ ఆ గేటు లోపలికి వెళ్తే, నా పుస్తకాలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేసి హాయిగా ఉండేవాణ్ణి. అలా అనుకోవడం తప్పో కాదో నాకిప్పటికీ తెలీదు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అది మెత్తగా, వెచ్చగా ఉంది. నా చెయ్యి అప్పటికే మొద్దుబారిపోయి ఉంది. ఆ మెత్తదనం నాకు సగమే తెలిసింది.

సంక్రాంతి ఇంకా రాకముందే ఆయన పోయారు. అంత్యక్రియలకి ఫ్యాక్టరీ ఆడవాళ్ళలో వచ్చింది నలుగురిమే. మిగతావాళ్ళు రాకూడదని కాదు, ఆ వేళ కంటైనర్ లోడు అవుతోంది, సెలవివ్వలేదు. తర్వాతి నెలల్లో రొయ్య ధర మళ్ళీ పెరిగింది. కొత్త రకం రొయ్య రాబోతోందని, అది వేస్తే రెట్టింపు వస్తుందని జీపులు మళ్ళీ మా ఊళ్ళల్లో తిరగడం మొదలెట్టాయి. పేపరు మా ప్రాంతం కోలుకుందని రాసింది. కోలుకున్న మాట నిజమే. ఫ్యాక్టరీకి కొత్త షెడ్డు వేశారు. కోలుకున్నవాళ్ళ లెక్కలో అక్క లేదు, మాస్టారు లేరు. నేను ఉన్నానో లేదో నాకే తెలియదు. మరో ఏడాది చేసి మానేశాను. ఇప్పుడు మిషను కుడతాను.

మాస్టారు పోయిన సంగతి అక్కకి ఫోన్లో చెప్పింది నేనే. నెలకోసారి, అక్కడ తను పనిచేసే ఇంటి అమ్మగారు బజారుకి వెళ్ళినప్పుడు తనే చేసేది.

"ఆయనకి నేనలా అనకుండా ఉండాల్సింది" అంది. "స్టేషన్లో. మీరు చెప్పిందే జరిగింది కదా అని. తెలీక అన్నానే."

అప్పుడే నేను కూడా చెప్పాలనుకున్నాను. ఆ పొద్దున వ్యాను ఎక్కినందుకు. ఎన్నాళ్ళ నుంచో మాటలు కూడగట్టుకుని ఉన్నాను. "అక్కా, ఆ రోజు నేను..." అని మొదలెట్టాను.

"అవన్నీ ఇప్పుడెందుకే" అని నా మాట మధ్యలోనే ఆపేసింది. "మా ఆయన బిళ్ళలు వేసుకుంటున్నాడా? ఫోన్లో అడిగితే వేసుకున్నానంటాడు. నువ్వెళ్ళి అట్ట తీసి చూడు, ఎన్ని ఉన్నాయో."

వెళ్ళి చూశాను. ఆయన నాలుగు రోజుల నుంచి వేసుకోవడం లేదు. వీధరుగు మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నాడు. నేను గ్లాసుతో నీళ్ళిచ్చి, బిళ్ళ చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడ్డాను.